తాంబూలం పుచ్చుకున్నవాడు

పెసరట్లు చల్లారిపోతున్నాయని అప్పలలక్ష్మి ఎన్నిసార్లు పిలిచినా భర్త లోవరాజు కుర్చీలోంచి లేవలేదు. అన్న సత్తిరాజు ఫోన్‌కి పంపిన వీడియోనే మళ్లీ మళ్లీ పెట్టుకుంటున్నాడు. అందులో లా చదువుతున్న కూతురు భవాని విశాఖలో మూట్ కోర్టు పోటీలో వాదిస్తోంది. నిన్ననే కప్పు గెలుచుకుని నర్సీపట్నం వచ్చింది. నిజానికి ఇల్లంతా సంబరపడాల్సిన పొద్దు.

పోటీకి ఇచ్చింది కల్పిత కేసే. అన్నదమ్ములు, ఒక జీడితోట. మధ్యవర్తులుగా కూర్చున్న పెద్దమనుషులు తోట అన్నకే అన్నారు. తమ్ముడు వాళ్ల చేతి తాంబూలం పుచ్చుకున్నాడు. అంటే తీర్పు ఒప్పుకున్నట్టేనా? నాతవరంలో లోవరాజు తోట పోయిందీ అచ్చం అలాగే. అన్నదమ్ములకి ఈనాటికీ మాటల్లేవు.

భవాని నిద్ర లేచి వచ్చింది.

"తల్లి సూస్తోందని తాంబూలం పుచ్చుకున్నాననడం వొట్టి సాకన్నావా అమ్మా?" అన్నాడు లోవరాజు.

భవాని గతుక్కుమంది. "అది పోటీ నాన్నా. ఎవరి తరఫున వాదించాలో చీటీ తీస్తారు. నాకు అన్న పక్షం వచ్చింది."

"సీటీని తప్పుపట్టను. మా అమ్మ బెంగెట్టుకుంటాదని సెయ్యి సాపేనని నీకు తప్ప ఎవరికి సెప్పేను? మీ అమ్మకీ సెప్పలేదు. కడుపులో మాట నీకు సెప్పుకుంటే, దాంతోనే నన్ను పొడిసేవు. ఇన్నేళ్లూ మాటాడని మా అన్న, మెచ్చుకుని మరీ పంపేడు."

అప్పలలక్ష్మి అట్లకాడతో గుమ్మంలోనే నిలబడిపోయింది. "పిల్ల గెల్సింది కదా" అంది.

"నిజమే నాన్నా" అంది భవాని. "అవతలివాళ్లు అనకముందే ఆ మాట నేనే ఎత్తి, సాకని కొట్టిపారేశాను. గెలవాలన్న యావ. అప్పుడు అవతలి పక్షంలో మణి అనే అమ్మాయి లేచింది. కన్నతల్లి ముందు కాదనలేకపోవడం ఒప్పుకోవడం ఎలా అవుతుందని అడిగింది. నువ్వెవరో కూడా దానికి తెలీదు. పరాయి పిల్ల నీ తరఫున మాట్లాడితే, నేను దాన్ని ఓడించి చప్పట్లు కొట్టించుకున్నాను."

లోవరాజు వీడియో ఆపి ఫోన్ పక్కన పెట్టాడు. కోపం ఉంది, దాని కింద అంతకంటే పెద్ద నొప్పి ఉంది.

"ఇప్పుడు నా పక్క సెప్పు. నాను ఇంటాను" అన్నాడు.

భవాని ఎదురుగా నిలబడింది. పోటీలో ఎక్కడా తడబడని పిల్ల "మా నాన్న" దగ్గరే ఆగిపోయింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

లోవరాజు లేచి ఆమె తల గుండెకి ఆనించుకున్నాడు.

"సాల్లే అమ్మా. గెల్సేసేవు."