పాత లెన్సు, కొత్త కెమెరా, నడుమ రింగు

హనుమకొండ చౌరస్తాలో కెమెరాల షాపు పెట్టిన ఆరేళ్లలో నేను నేర్చుకున్నది ఒక్కటే: బేరమాడేవాళ్లు కొంటారు, మెచ్చుకునేవాళ్లు వెళ్లిపోతారు. ఎనభై ఐదు జులై వానలో గొడుగు దులుపుతూ వచ్చిన లిదియా ఈ రెండూ చెయ్యలేదు. నా కౌంటరంతా తడిపి, నన్నే తూకం వేసింది.

అద్దం మీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి వాళ్ల నాన్న, సైన్సు టీచరు సుందర్ రావు సారుది. ఇరవై ఏళ్ల నాటి మాక్రో లెన్సు, చీమను ఏనుగంత చేసి చూపించే రకం. రెండోది, వరి పురుగుల మీద రీసెర్చి కోసం ఆమె కొన్న కొత్త కెమెరా.

"ఇది దీనికి పడ్తదా?"

"ఆ పాతది పక్కకు పెట్టుండ్రి మేడమ్. గీ కొత్త లెన్సు చూడుండ్రి."

"నేనడిగింది పడ్తదా పడదా అని. మీ షోకేసుల ఏమున్నదని కాదు."

"మీ లెన్సు మరలు తిప్పి బిగించేది. కెమెరాకు మరలే లేవు, టక్కున పట్టుకునే రకం. నడుమ రింగు కావాలె. హైదరాబాదు నుంచి తెప్పియ్యాలె."

"ఎన్ని రోజులు?"

"వారం."

నిజానికి మూడు రోజులు చాలు. మిగతా నాలుగు రోజులు "వచ్చిందా?" అని అడగడానికి వస్తుందని నా లెక్క. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తిట్టింది. నాకు లాభమే. ఆమె రాని రోజున షాపు ఖాళీగా కనిపించడం మొదలైంది, అదొక్కటే లెక్కకు అందని నష్టం.

తీరా రింగు చేతికిద్దామనుకున్న రోజు ఆమె రాలేదు. వాళ్ల మేనత్త రాహేలు, దవాఖానలో నర్సు, డ్యూటీకి పోతూ కనబడింది. ఆపాను.

"ఆంటీ, ఈ పౌలు రింగు తెప్పించిండని లిదియాకు జర చెప్పుండ్రి. వచ్చి తొడిగి చూస్తె కుదుర్తదో లేదో తెలుస్తది."

ఆంటీ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపుకు విలువ కట్టలేకపోయాను.

మర్నాడు షట్టరు ఎత్తేసరికి ఇస్త్రీ చొక్కాలో సుందర్ రావు సారు నిలబడి ఉన్నారు, వెనకే ఆంటీ.

"ఏమయ్యా పౌలూ, రింగు తెచ్చినవట?"

"తెచ్చిన సార్."

"పెద్దోళ్లం మాకు చెప్పకుంట, పాస్టరుగారికి చెప్పకుంటనా?"

"పాస్టరుగారెందుకు సార్? మీది పాతది, ఇది కొత్తది. సీదా కలువయి. నడుమ రింగు పెడ్తె కలిసిపోతయి."

"మేం పాతోళ్లమే! అయితే ఏంది?"

అప్పుడే వచ్చిన లిదియా కౌంటరు పట్టుకుని వంగిపోయి నవ్వింది. "నాయినా, రింగు కెమెరాకు, వేలుకు కాదు!"

సారు నవ్వలేదు. "కెమెరాకేనా?" అని నన్నే అడిగారు. ఆ గొంతులో కోపం లేదు, నిరాశ ఉంది.

ఇంత మంచి గిరాకీ మళ్లీ రాదు. అయినా జవాబు తప్పించుకుని లెన్సు బిగించాను.

"సార్, కొత్తది అమ్మితె నాకు లాభం. కాని మీ పాతదే మంచిగున్నది. ఒక్కటే తక్లీఫ్, అపర్చరు, గీ లోపలి కంత, దానంతటదే మూసుకోదు. తెరిచి ఫోకస్ చేసి, చేత్తోని మూసి, అప్పుడు నొక్కాలె. ఓపిక కావాలె."

"నాకున్నది," అంది లిదియా. "వారం సంది మీ షాపు చుట్టు తిరుగుతాన్న గద."

సారు మెట్లు దిగుతూ, ఎవరితోనో అన్నట్టు, "వానల ఒక్కతే పొలాలు తిరుగుతాంది. గొడుగు పట్టెటోడు లేడు," అన్నారు.

ఆ శనివారం పాలంపేటలో వరిమడి గట్టు మీద ఆమె మోకాళ్ల మీద ఉంది, నేను ఆమెకు గొడుగు పట్టుకుని ఉన్నాను. ఆకు చివర ఒక మిడత.

"లిదియా, మీ నాయిన అడిగినదానికి నేను జవాబు చెప్పలే."

"ఉష్! కదలకుండ్రి."

"మాట అప్పుడే వచ్చేదుండె..."

"ఇంక అపర్చరు మూయలే. మాట్లాడితె ఎగిరిపోతది."

ఆమె చేత్తో అపర్చరు మూసింది. క్లిక్. మిడత కదలలేదు. ఇంకో క్లిక్. కాళ్లు రుద్దుకుంటూ అక్కడే కూర్చుంది. ఆ మిడతకు నా మీద పగేదో ఉన్నట్టుంది.

లిదియా ఫైండరు నుంచి కన్ను తీయకుండానే పెదవులు సున్నా చుట్టి, ఆకు మీద ఉఫ్ మని ఊదింది.

"పోయింది," అంది. "ఇగ చెప్పుండ్రి."