కొండెక్కిన బురద

గొట్టం నిలువెత్తు లోతుకి దిగాక యంత్రం గురక పెట్టినట్టు చప్పుడు చేసి ఆగింది. తెర మీద ఎర్రగీతలు, ఒకదాని కింద ఒకటి. చూస్తున్న భూశాస్త్రవేత్త డాక్టర్ సువర్చల వాటిని రెండుసార్లు లెక్కపెట్టింది.

ఆ యంత్రం సంగతి చెప్పాలి. సముద్రంలో ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులుంటాయి. చాలావరకు బొంబాయి రవ్వ గింజకంటే చిన్నవి. మేం చదువుకునే రోజుల్లో కాలేజీ మొత్తానికి మంచి మైక్రోస్కోపు ఒక్కటే. దాని తాళంచెవి ప్రిన్సిపాల్ గారి జందేనికి వేలాడేది. సరే, అది వేరే కథ. ఈ జీవులు చచ్చాక సున్నపు గుల్లలు మిగులుతాయి. ఒడ్డు దగ్గర బతికే రకం వేరు, లోతు నీళ్ళ రకం వేరు. లోతు రకం గుల్లలు ఊరి మట్టిలో దొరికితే, వాటిని మోసుకొచ్చింది సునామీయే అనుకోవాలి. మామూలు తుఫాను అలకి అంత అడుగు నుంచి పెకలించే బలం ఉండదు. యంత్రం ఆ గుల్లల్ని గుర్తుపట్టి, అవున్న ప్రతి పొరకీ ఓ ఎర్రగీత గీసి, ఊరు ఉండాలో లేవాలో తేల్చేస్తుంది. దాని తీర్పుని మనుషులెవరూ దిద్దకూడదు. రాజకీయాలు చొరబడకుండా ఆ నిబంధన పట్టుబట్టి పెట్టించింది సువర్చలే.

పెదమొగ జాలరిపేటలో యంత్రం దింపేముందు సూరాడ కాసులమ్మ అనే ముసలామె అడ్డం నిలబడింది.

"అక్కడొద్దమ్మా. మావోలు పడుకున్నారు."

ఇంజనీరు నేలని స్కాన్ చేశాడు. ఒక్క ఎముక కూడా లేదు.

"ఇది శ్మశానం కాదు మామ్మా. పేట మధ్యలో ఇంత ఖాళీ జాగా దొరకడం మా అదృష్టం," అన్నాడు.

ఎన్నో సునామీలు ముంచిన చోటని యంత్రం తేల్చింది. పేట మొత్తాన్ని లోపలెక్కడో కొండ మీద కట్టిన కాలనీకి తరలించమన్నారు.

సామాన్లు ఎక్కించే రోజున సువర్చల వచ్చింది. ఆ ఖాళీ జాగాలో ఆడవాళ్ళు మట్టి తవ్వి తట్టల్లో నింపుతున్నారు.

"ఏమిటది?"

"మా పెద్దోడు," అంది కాసులమ్మ తట్ట చూపించి. "ఏటకెల్లి రానేదు. శవం దొరకనోడికి ఏటి పూడుస్తాం తల్లీ? ఆడు పడ్డకాడికి అన్నదమ్ములెల్లి, రాయికట్టిన కుండ దించి అడుగు బురద తెస్తారు. అదే పూడుస్తాం. నా పెనిమిటి ఈడి కింద ఉన్నాడు. మా మావ ఆడి కింద."

సువర్చల తట్టలోంచి చిటికెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపింది. ఎర్రగీతలు ఏమిటో అప్పుడర్థమైంది.

"ముందే చెప్పాల్సింది మామ్మా."

"సెప్పినాను గదా. మీరు ఎముకలు ఎతికినారు."

సువర్చల రాజధానికి రాసింది. తీర్పు మార్చడం కుదరదనీ, నిబంధన ఆమెదేననీ మర్యాదగా జవాబొచ్చింది.

కొండ మీద ఇళ్ళు బాగానే ఉన్నాయి. సముద్రమే లేదు. పొద్దున్నే వలలతో బస్సెక్కబోతే, కంపు కొడుతున్నాయని కండక్టరు దింపేసేవాడు. కొందరు మగాళ్ళు సిమెంటు పనిలో కుదిరారు, కొందరు తాగుడులో. కాసులమ్మ మాత్రం కాలనీలో ఓ ఖాళీ జాగా చూసి, తెచ్చిన తట్టలన్నీ అక్కడ పూడ్పించి, రోజూ ఊడ్చి ముగ్గేసేది.

ఏడాదికోసారి ప్రతి కాలనీనీ పరీక్షించాలని కూడా నిబంధన ఉంది. యంత్రం వచ్చింది. ఖాళీ జాగా చూసుకుని గొట్టం దించింది. నోటీసు పట్టుకుని సువర్చల తానే కొండెక్కింది.

"ఏటంటాది మీ మిషను?"

"సముద్రం ఇక్కడిదాకా వచ్చిందంటోంది. ఖాళీ చెయ్యాలట." ఆమె నోటీసు ముందుకి చాపింది. "అది తప్పు మామ్మా."

"తప్పేటి? వచ్చింది గదా. మేవే తెచ్చినాం."

కాసులమ్మ లోపలికెళ్ళి పారా, తట్టా తెచ్చింది. నోటీసు వంక చూడనైనా లేదు. ముగ్గు చెరిపి తవ్వడం మొదలుపెట్టింది. తట్ట నిండాక నడుం పట్టుకుని లేచింది.

"ఓ సెయ్యెయ్యమ్మా," అంది సువర్చలతో. "ఈడు సిన్నప్పట్నించీ బరువే."