హరికేన్ అట్టపెట్టె

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ముత్యాలయ్య తన గది తలుపు తీశాడు. రెండు నిమిషాల తర్వాత బీరువా ముందు కూలబడ్డాడు.

పెట్టె లేదు.

నగల పెట్టె కాదు. అట్టపెట్టె. అందులో హరికేన్ యుద్ధవిమానం, అసలుదానిలో నలభై ఎనిమిదో వంతు, ఇంకా అతకని ప్లాస్టిక్ ముక్కలుగా.

సూళ్లూరుపేట ఎస్సై కరుణాకుమారి మూడున్నరకి వచ్చింది. వెంట హెడ్ కానిస్టేబుల్ పెంచలప్రసాద్. మేడ మీద ఒంటి గది. తూర్పున ఒక కిటికీ, పడమట ఒక కిటికీ. గోడల నిండా అద్దాల బీరువాలు, వాటి నిండా విమానాలు. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. క్వార్టర్స్‌లో తన గది కూడా ఇలాగే ఉంటుందని ఆమెకు గుర్తొచ్చింది. ఆ ఆలోచన ఆమెకు నచ్చలేదు.

“బొమ్మ పోయిందని కంప్లైంటా సార్?” పెంచలప్రసాద్ నవ్వు దాచుకోలేదు.

“బొమ్మ కాదయ్యా!” ముత్యాలయ్య మండిపడ్డాడు. రాకెట్ కేంద్రం వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు వెంట్రుకవాసి కొలతలతో బతికి రిటైరైన మనిషి. “ఆ కంపెనీ దీన్ని చేయడం ఆపేసి ఇరవై ఏళ్లయింది. పదకొండేళ్లు వెతికినా. వేరే హరికేన్లు ఎన్నైనా దొరుకుతాయి. కానీ వాటి గుర్తుల మధ్యలో ఎర్రచుక్క ఉంటది. బర్మా యుద్ధంలో మనోళ్లు నడిపిన వాటికి ఎర్రచుక్క ఉండకూడదు.”

“ఎందుకని?” అడిగింది కరుణాకుమారి.

“జపానోళ్ల గుర్తు ఎర్రగా గుండ్రంగా ఉంటది గదమ్మా. పొరపాటున మనోళ్లే కాలుస్తారని తీసేసినారు. నీలం, తెలుపు, అంతే. ఆ గుర్తులు సరిగ్గా ఇచ్చింది ఈ పెట్టెలోనే.”

“అవీ పోయాయా?”

“లేదు.” పడమటి కిటికీ చూపించాడు.

అద్దానికి చిన్న ప్లాస్టిక్ కవరు అంటించి ఉంది. లోపల డెకాల్ షీట్. నీళ్లలో నానబెట్టి విమానం మీద అతికించే గుర్తుల కాగితం. పాతబడి పసుపెక్కింది.

“ఎండ తగిలితే పసుపు విరుగుద్ది. నెల్నాళ్లన్నా పెట్టాల. ఈ వానల్లో ఎండేది? ఈ పొద్దున దాకా వారంగా మబ్బే.”

“ఎన్నింటికి వెళ్లారు మీరు?”

“తొమ్మిదీ నలభై. నవంబరు గదా. పింఛను ఆగకుండా, నేనింకా బతికే ఉన్నానని బ్యాంకులో వేలిముద్ర వేసి రావాల.”

పెంచలప్రసాద్ ఈసారి నవ్వలేదు.

తాళం పగలగొట్టలేదు. తాళంచెవి మెట్ల కింద మీటరు పెట్టెలో ఉంటుంది. ఆ సంగతి ముగ్గురికే తెలుసు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆదెయ్య. ఇల్లు ఊడ్చే ఆదిశేషమ్మ. నెల్లూరు నుంచి ప్రతి నెలా రెండో ఆదివారం వచ్చే హెబ్రోను. అతనిదీ ఇదే పిచ్చి. తొమ్మిదేళ్లుగా ఈయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు.

“ఎవరి మీద అనుమానం?”

ముత్యాలయ్య ఎక్కువసేపు ఆలోచించలేదు. “నేను లేనప్పుడు వచ్చింది ఆదిశేషమ్మే గదా.”

మెట్లు దిగుతూ పెంచలప్రసాద్ కేసు తేల్చేశాడు. “ఆమే మేడం. తెలిసినోడైతే ఆ కాగితం వదులుతాడా? పెట్టె మీద బొమ్మ చూసి తీసుకుంది. కాగితం చెత్తనుకుంది.”

మాట సబబుగానే ఉంది. కరుణాకుమారి కాదనలేదు.

బుధవారం ఉదయం పదింటికి ఆదిశేషమ్మను స్టేషన్‌కి పిలిపించారు. నలభై ఐదేళ్లుంటాయి. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. మొగుడు పోయాక ఊళ్లో మూడిళ్లలో పని చేసుకుంటోంది.

“నిన్న ఎన్నింటికి వెళ్లావు?”

“పదింబావుకి.”

“ఎప్పుడొచ్చేశావు?”

“పదకొండున్నరకి. చినుకులు పడతానే ఉండాయి. పన్నెండుకల్లా నేను పనిచేసే ఇంకో ఇంట్లో, పెంచలమ్మగారింట్లో ఉండా. రెండు దాకా ఆడనే. అడగండి.”

“పెట్టె చూశావా?”

“నాకేం తెలుసు మేడం! దుమ్ము దులపతా. ఒక్క తూర్పు కిటికీ కాడ మాత్రం చెయ్యి పెట్టను. ఏదో కవరు అంటించుంటాడు సారు. ముట్టుకుంటే తిడతాడు.”

కరుణాకుమారి పెన్ను ఆగింది. “తూర్పు కిటికీనా?”

“అవును. నిన్న కూడా ఆడనే ఉండాది.”

సాయంత్రానికే కబురు ఊరంతా పాకింది. పెంచలమ్మ పనికి రావద్దంది. ఇంకో ఇంటివాళ్లూ అదే మాటన్నారు. మూడో ఇల్లు ముత్యాలయ్యదే.

గురువారం ఉదయం ఎస్సై మళ్లీ మేడెక్కింది. తూర్పు కిటికీ అద్దం మీద నాలుగు మూలలా టేపు ఊడదీసిన మరకలు ఉన్నాయి. పడమటి కిటికీ దగ్గరికి వెళ్లింది. కవరుకి నాలుగు టేపు ముక్కలు. ప్రతి ముక్క కొస లోపలికి చిన్నగా మడిచి ఉంది, గోరుతో గీకకుండా తీయడానికి. ముత్యాలయ్య బల్ల మీది టేపులు అలా లేవు.

మధ్యాహ్నానికి నెల్లూరు వెళ్లింది. హెబ్రోను బండ్లకు నంబరు ప్లేట్లు, పేర్లు రాసేవాడు. ఇప్పుడన్నీ స్టిక్కర్లే. కొట్టు మాత్రం రోజూ తెరుస్తాడు. నలభై రెండేళ్లు, పెళ్లి కాలేదు. గీతలు అలుక్కోకుండా రేకు మీద టేపు అంటిస్తున్నాడు. ప్రతి ముక్క కొసా మడుస్తున్నాడు.

“మంగళవారం ఎక్కడున్నారు?”

“కొట్లోనే మేడం.”

“ఎవరైనా చూశారా?”

“నా కొట్టుకి ఎవరొస్తారు?”

“ఆదిశేషమ్మను అందరూ దొంగంటున్నారు. పని పోయింది.”

టేపు అంటించే చెయ్యి ఆగింది. అతనేదో చెప్పబోయి మింగేశాడు. చివరికి ఒకటే అడిగాడు. “పెట్టె దొరక్కపోతే ముత్యాలయ్య సారు ఆడనే సూళ్లూరుపేటలో ఉంటాడు గదా?”

కరుణాకుమారి మడిచిన టేపు కొసల్ని మరోసారి చూసింది. రేపు నాలుగింటికి సూళ్లూరుపేట రమ్మంది.

శుక్రవారం నాలుగింటికి మేడ మీది గదిలో అందరూ చేరారు. ఆదిశేషమ్మ గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“ఆదెయ్యగారూ, మంగళవారం ఎండ ఎప్పుడొచ్చింది?”

“పన్నెండున్నర దాటినాక. మేడెక్కి గుడ్డలారేసి పోయి పడుకున్నా.”

“ముత్యాలయ్యగారూ, ఆ షీటు మీరు ఏ కిటికీకి పెట్టి వెళ్లారు?”

“తూర్పు...” ముత్యాలయ్య తల తిప్పి పడమటి కిటికీకేసి చూశాడు. “పెట్టె పోయిన కంగారులో చూసుకోలేదమ్మా!”

“వెళ్లేటప్పుడు మబ్బు. పన్నెండున్నరకి ఎండొచ్చింది. అప్పటికి పొద్దు తూర్పు కిటికీ దాటిపోయింది. ఎవరో కవరు ఊడదీసి పడమటి కిటికీకి అంటించారు. ఆ టైముకి ఆదిశేషమ్మ పెంచలమ్మగారింట్లో ఉంది, కనుక్కున్నాను. పైగా ఆమెకి అది వట్టి కవరు. వారం తర్వాత వచ్చిన ఎండ వృథా పోతుందని బాధపడేవాళ్లు ఈ జిల్లాలో ఇద్దరే. ఒకరు బ్యాంకులో ఉన్నారు.”

హెబ్రోను తల దించుకున్నాడు.

“టేపు కొసలు మీ చేతివే. ఏ బండికి వచ్చారు?”

“నెల్లూరులో పదకొండింటి ప్యాసింజరుకి. సారు ఆ పొద్దు బ్యాంకుకి పోతారని ఆదివారమే తెలుసు.” దాచే ఓపిక అతనిలో మిగల్లేదు. సంచిలోంచి అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. “ఒక్క ముక్క పోలేదు సార్. పోతా పోతా కిటికీ చూసినా. ఎండంతా ఇటు ఉంది, కాగితం అటు ఉంది. చెయ్యి ఊరుకోలేదు.”

“ఎందుకురా?” ముత్యాలయ్య అడిగాడు.

“ఇదే ఆఖరిదన్నారు మీరు. కళ్లు ఆనడం లేదు, డిసెంబరుకి ముగించి, బీరువాలు ఎవరికన్నా ఇచ్చేసి, సంగం ఊళ్లో చెల్లెలి దగ్గరికి పోతానన్నారు. మీరు పోతే నాకు మాట్లాడే మనిషి లేడు సార్. నెలకి ఒక్క ఆదివారం. అది కూడా పోద్ది.”

“సంగం ఏమన్నా సముద్రం అవతలుందా? రాకూడదా?”

“రమ్మనలేదు గదా మీరు.”

ముత్యాలయ్య పెట్టె మూత తీసి, ముక్కలు చూడకుండానే మూసేశాడు. కరుణాకుమారికి హెబ్రోను మీద జాలి కలిగింది. అతని కొట్టు, తన క్వార్టర్స్ ఒకటే అనిపించింది. ఆ జాలి మీద తనకే కోపం వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఇంకా అక్కడే ఉంది.

“నిన్న మేడం నీతో చెప్పిందంట గదా, నన్ను దొంగన్నారని,” ఆదిశేషమ్మ మొదటిసారి నోరు విప్పింది. “అప్పుడన్నా చెప్పకూడదా నాయనా? నీకు ఒక్క ఆదివారం పోద్దని నా వారమంతా తీసేసినావే.”

“తప్పయిపోయిందక్కా.”

“ఈడ చెప్తే ఎట్టా? నన్ను దొంగన్నోళ్లు ఈడ లేరు. పద.”

కేసు వెనక్కి తీసుకుంటానని ముత్యాలయ్య కాగితం రాసిచ్చాడు. అయిదింటికి నలుగురూ వీధిలోకి నడిచారు. ముందు ఆదిశేషమ్మ, వెనక హెబ్రోను, ముత్యాలయ్య, ఆ వెనక ఎస్సై. మొదటి ఇంటి ముందు హెబ్రోను గొణిగాడు. ఆదిశేషమ్మ “గట్టిగా” అంది. పెట్టె తీసింది నేనే, ఆమె కాదు అని గట్టిగా చెప్పాడు. పెంచలమ్మ ఇంటి ముందు ఆమె చెప్పకుండానే గట్టిగా చెప్పాడు. చుట్టుపక్కల వాళ్లు బయటికొచ్చి విన్నారు. పెంచలమ్మ నొచ్చుకుంది. రేపటి నుంచి రమ్మంది. ఆదిశేషమ్మ సరేనంది.

తిరిగి వస్తూ వీధి మలుపులో ముత్యాలయ్య ఆగాడు. “మా ఇంటికి కూడా పదింబావుకి వస్తావు గదా ఆదిశేషమ్మా?”

“రాను సారూ.”

“నేను మళ్లీ...”

“ఆళ్లు ఊరు చెప్తే నమ్మినారు. నా పేరు చెప్పింది మీరు. ఆరేళ్లు మీ తాళం నా చేతిలో ఉండాది. నువ్వు తీసినావా అని ఒక్కమాట నన్నడిగుంటే చాలు. లేదని చెప్పుంటా.”

ఆదిశేషమ్మ కొంగు దులుపుకుని ఇంటి దారి పట్టింది. అక్కడ ఆమె కోసం ఎదురుచూసేవాళ్లున్నారు కాబోలు, అడుగు తొందరగా పడుతోంది.

మలుపులో ముగ్గురు మిగిలారు. కరుణాకుమారి వాచీ చూసుకుంది. హెబ్రోను బండికి ఇంకా టైముంది. పెద్దాయన చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. ఇంటికి వెళ్లే తొందర ముగ్గురిలో ఎవరికీ లేదు.