కడిగిన బోనులు

ఆ వీధిలో అందరూ ఆమెను సబ్బమ్మ అంటారు. ముఖం మీద కాదనుకోండి, వెనకాలే. ఎదురుపడితే మాత్రం ఎంతో మర్యాదగా "బాగున్నారా అండీ?" అని పలకరిస్తారు. ఆ పేరు సంగతి ఆమెకు తెలియక కాదు, తెలిసినా పట్టించుకోదు. పొద్దున్నే లేచి వీధి గడపతో మొదలుపెట్టి పెరటి తలుపు గొళ్ళెం దాకా తోమి కడిగితే గాని ఆమెకు తెల్లారినట్టు ఉండదు. కుర్చీలో కూర్చున్న మనిషి లేచి మంచినీళ్ళు తాగి వచ్చేలోపు ఆ కుర్చీ తుడిచేసి ఉంటుంది.

అలాంటి మనిషికి దేవుడు ఏరి కోరి ఎలుకలు పట్టేవాణ్ణి మొగుడుగా ఇచ్చాడు.

ఆయన మంచివాడే. మాట నెమ్మది, చేతిలో పనితనం ఉంది. గోదాముల్లో, మిల్లుల్లో, తోటల్లో ఎలుకల్నీ చుంచుల్నీ పందికొక్కుల్నీ పట్టి ఇల్లు నడిపాడు, కొడుకుని చదివించాడు. కానీ కాపురానికి వచ్చిన కొత్తలో కుళాయి దగ్గర ఎవరో "ఎలుకలాయన పెళ్ళాం" అన్న మాట ఆమె చెవుల్లో ఇప్పటికీ అలాగే ఉంది. బడిలో "చిట్టెలుకా" అని ఏడిపిస్తే కొడుకు పుస్తకాల సంచీ విసిరికొట్టి వెక్కి వెక్కి ఏడ్చిన రోజు ఇంకా బాగా గుర్తుంది. అందుకే వాణ్ణి ఆ పని ఛాయలకు రానివ్వలేదు. వాడిప్పుడు ఒక ఆఫీసులో గుమాస్తా. మోకాళ్ళు పట్టేసి ఆయన వంగలేని స్థితికి వచ్చినప్పుడు, పాపం ఒకపక్క బాధపడుతూనే, ఆమె లోలోపల హమ్మయ్య అనుకుంది. ఇక ఈ ఇంటికి ఆ పేరు వదిలిపోతుందని ఆశ.

వదల్లేదు. కోడలు పట్టుకుంది.

మామగారు వంగలేకపోతుంటే సాయంగా సంచీ మోయడానికి వెళ్ళిన పిల్ల, చూస్తుండగానే ఆయన పనంతా నేర్చేసుకుంది. గోడ వెంట నూనె మరకలాంటి చార కనిపిస్తే అది ఎలుకలు ఒళ్ళు రాసుకుంటూ తిరిగే దారి అని ఇట్టే చెప్పేస్తుంది. పైగా ఆ సంగతులన్నీ భోజనాల దగ్గర చెబుతుంది.

ఆ రోజు పొద్దున్న వరండాలో బోనులు వరసగా పెట్టుకుని తలుపుల తీగలు సరిచేస్తోంది కోడలు. అన్నీ చెక్క బోనులు, మామగారు తన చేత్తో చేసినవి.

"అమ్మాయ్, వాటిని నా గచ్చు మీద పెట్టకు" అంది సబ్బమ్మ.

"కాగితం పరిచాను అత్తయ్యా."

"కాగితం కింద ఉన్నది నా గచ్చే కదా."

టీ తాగుతున్న కొడుకు తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "నేను ఆఫీసుకి బయల్దేరతాను" అన్నాడు.

"ఇంకా చాలా టైముంది కదరా."

"నడిచి వెళ్తానమ్మా" అని చెప్పులేసుకున్నాడు. ఆ ఆఫీసుకి బస్సులోనే చాలాసేపు పడుతుంది.

కొడుకు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, సబ్బమ్మ అసలు సంగతి ఎత్తింది. "విత్తనాల గోదాము పని ఒప్పుకున్నావటగా. నీ ఒక్కదాని పేరు మీద."

"అవునత్తయ్యా. వచ్చే సోమవారం అమ్మకాలకు తలుపులు తీస్తారట. విత్తనాల మధ్య విషం పెట్టడం ఆ యజమానికి ఇష్టం లేదు, బోనులతోనే పట్టమన్నారు. సోమవారానికి ఎలుకలు బస్తాలు కొట్టకుండా ఆపగలిగితే ఆయన గోదాములన్నీ మనకే అప్పగిస్తానన్నారు. లేకపోతే ఎవరో పెద్ద కంపెనీని పిలిపించుకుంటారట."

"నీకు చేతకాకపోతే?"

కోడలి చేతులు ఆగాయి. "కాకపోతే మానేస్తాను. మీరు చెప్పిన బట్టల కొట్టు ఉద్యోగానికే వెళ్తాను."

"మాటేనా?"

"మాటే. అప్పుడు ఈ బోనులన్నీ మీరే పాతసామాన్లవాడికి ఇచ్చేద్దురు గాని."

మంచం మీద కూర్చుని మోకాలికి తైలం రాసుకుంటున్న మామగారు ఈ మాటలన్నీ విన్నాడు. రాసిన మోకాలికే మళ్ళీ మళ్ళీ రాసుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ ఇంట్లో సబ్బమ్మ కడగకూడని వస్తువు ఒక్కటే ఉండేది, బోను. కొత్త కాపురంలో మొగుడి మీద ప్రేమ కొద్దీ ఒక బోనుని తళతళలాడేలా తోమి పెట్టింది. ఆయన నవ్వి, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఎలుక కంటిని నమ్మదు, ముక్కుని నమ్ముతుంది. సాటి ఎలుక వాసన ఉంటేనే లోపల అడుగు పెడుతుంది. సబ్బు తగిలిందా, దాని ఛాయలకు కూడా రాదు. బోనుని దులపాలి గాని కడగకూడదు." ఆ తరవాత ఆమె ఎన్నడూ బోను ముట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నం ముట్టుకుంది.

కోడలు ఎలుకల అడుగుజాడలు పడేలా గోదాములో గోడల వెంట పిండి చల్లి రావడానికి వెళ్ళింది. ఆయన కునుకు తీస్తున్నాడు. సబ్బమ్మ పెరట్లో నీళ్ళు కాచింది, సబ్బుపొడి కలిపింది, బోనులన్నీ ముంచి, బ్రష్షు పెట్టి మూలమూలలా రుద్దింది. రుద్దుతున్నంతసేపూ తనకు తాను సర్దిచెప్పుకుంటూనే ఉంది. పిల్ల వయసులో ఉంది. ఇప్పుడు ఒక్కసారి ఓడితే చక్కగా కొట్లో నీడపట్టున కూర్చుంటుంది. ఓడకపోతే జన్మంతా కలుగుల్లో చేతులు పెట్టుకోవాలి, రేపు పుట్టబోయే పిల్లలు కూడా బడి నుంచి ఏడుస్తూ రావాలి. ఇది ఆ పిల్ల మంచికే. ఎండలో ఆరబెట్టి, కోడలు పెట్టిన వరసలోనే తిరిగి పెట్టేసింది.

మర్నాడు కోడలు వాటిని తీసుకెళ్ళింది. ఆమెకు సబ్బు వాసన తెలియలేదా అంటే, ఆ ఇంట్లో సబ్బు వాసన కొట్టనిదేముంది గనక. తలగడకూ అదే వాసన, తలుపు గొళ్ళేనికీ అదే వాసన.

పని మాత్రం ఆమె పద్ధతిగానే మొదలుపెట్టింది. కొత్త వస్తువు కనబడితే ఎలుక కొన్నాళ్ళు దూరంగా తిరుగుతుంది గనక ముందు బోనుల తలుపులు తీసి, పడిపోకుండా కట్టేసి, ఎర ఊరికే లోపల పెట్టింది. ఎరగా పెట్టింది కీరదోస ముక్కలు. చుట్టూ ధాన్యమే ఉన్నచోట ఎలుకకు ఆకలి ఉండదు, దాహం ఉంటుంది. ఆ ఆలోచన ఆ పిల్లదే. అది విని మామగారు మంచం మీదే నిటారుగా కూర్చుని, "నాకెప్పుడూ తట్టలేదే" అని మురిసిపోయాడు.

కానీ రోజూ సాయంత్రం ఆమె వాడిపోయిన కీరదోస ముక్కల్నే తిరిగి తెచ్చేది. పిండిలో అడుగుజాడలు బోను దాకా వస్తున్నాయి, గుమ్మం దగ్గర ఆగుతున్నాయి, వెనక్కి తిరిగిపోతున్నాయి. బోనులు అటు మార్చింది, ఇటు మార్చింది. లాభం లేకపోయింది. ఆదివారం పొద్దున్నకి తిండి కూడా సయించలేదు.

"నాకు చేతకాలేదు మామయ్యా" అంది కంచం ముందు నుంచి లేస్తూ. "అత్తయ్య చెప్పిందే నిజం."

సబ్బమ్మ ఈ మాట కోసమే ఎదురుచూసింది. తీరా వచ్చాక, గెలిచినందుకు సంతోషం రాకపోవడమేమిటో ఆమెకు అర్థం కాలేదు.

మామగారు కర్ర అందుకున్నాడు. "పద, నేనొకసారి చూస్తాను."

"ఈ మోకాళ్ళతోనా?" అంది సబ్బమ్మ.

"అయితే నువ్వూ రా, పట్టుకుందువు గాని."

అలా సబ్బమ్మ జీవితంలో మొదటిసారి మొగుడు పనిచేసే చోటికి వెళ్ళింది. ఎత్తుగా పేర్చిన బస్తాలు, వాటి మధ్య మనిషి ఒక్కడే పట్టే సందులు, గాలిలో ధాన్యపు దుమ్ము. బస్తాల అడుగున కొట్టేసిన చిల్లుల్లోంచి విత్తనాలు కారి కుప్పలుగా పడ్డాయి. ప్రతి చిల్లూ కోడలు పాత గుడ్డతో కట్టింది. గోడల వెంట పిండి సన్నగా, తిన్నగా గీత గీసినట్టు చల్లి ఉంది. ఎక్కడా అశ్రద్ధ అనేది లేదు. ఇంత శుభ్రంగా పనిచేసే మనిషి తన ఇంట్లో ఇంకొకతె ఉందని సబ్బమ్మకు అప్పుడే తెలిసింది.

ఆయన బస్తా మీద కూర్చుని, "ఒక బోను ఇలా తే" అన్నాడు. తిప్పి చూశాడు, తలుపు ఆడించాడు, బాగానే ఉంది. ఆపైన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ముఖం మారిపోయింది. ఇంకోటి తెమ్మన్నాడు. అదీ వాసన చూసి కింద పెట్టాడు.

"వీటిని కడిగిందెవరు?"

కోడలు ఒక బోను తీసుకుని వాసన చూసింది. తల ఎత్తి అత్తగారి వైపు చూసింది. ఆ చూపు అక్కడ ఎక్కువసేపు నిలవలేదు.

"నేనే మామయ్యా" అంది. "బాగా మురికి పట్టాయని కడిగాను."

"ఎన్నిసార్లు చెప్పాను నీకు? మొదటి రోజు చెప్పిన మొదటి మాట అదే కదా. ఇన్ని నేర్చుకుని ఇది మర్చిపోతావా? నా చేత్తో చేసిన బోనులమ్మా ఇవి. ఈ పని నీకు అప్పగించి తప్పు చేశాను."

ఆయన నోట అంత మాట సబ్బమ్మ ఎప్పుడూ వినలేదు. కోడలు తల వంచుకుని నిలబడింది. కారుతున్న కన్నీళ్ళు మోచేత్తో తుడుచుకుంటోంది, చేతులకు పిండి ఉందని.

సబ్బమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చింది. "ఆ పిల్లని అనకండి" అంది. "కడిగింది నేను."

"నువ్వా? తెలియక..."

"తెలిసే కడిగాను. మీరు చెప్పింది గుర్తుండే కడిగాను. ఓడిపోవాలని."

ఆయన బోనుని పక్కకు నెట్టేశాడు.

సబ్బమ్మ కోడలి వైపు తిరిగింది. "నీకు తెలిసిపోయింది కదా. నా మీదెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటారు అత్తయ్యా" అంది కోడలు ముక్కు ఎగబీలుస్తూ. "ఓడిపోతే కొట్లో పనికి వెళ్తాను, ఎలాగో బతుకుతాను. మీ మీద కోపం పెట్టుకుని మీ ఇంట్లోనే తిరగడం మాత్రం నా వల్ల కాదు. మామయ్య మీతో మాట్లాడడం మానేస్తే అసలే చూడలేను."

ఆ మాటతో సబ్బమ్మకు ఏడుపు కట్టలు తెంచుకుంది. తన ఇల్లు చెడుతుందని తను భయపడింది ఎలుకల వల్ల. చెడగొట్టబోయింది తను, కాపాడబోయింది ఈ పిల్ల. బస్తాకు ఆనుకుని, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుంది.

"వాటి గూడు ఎక్కడుంది?" అని అడిగింది.

"ఆ మూల, పాత గోనెల వెనకాల. ఎందుకత్తయ్యా?"

సబ్బమ్మ వెళ్ళి గోనెలు లాగింది. వెనకాల చింపిన గోనె పీచుతో, ఊకతో చేసిన గూడు, దాని చుట్టూ పెంటికలు. ముక్కు మూసుకోలేదు. రెండు చేతులూ పెట్టి ఆ పీచంతా ఎత్తుకుని వచ్చి నేల మీద కూర్చుంది. ఒక బోను ఒళ్ళోకి లాక్కుని, లోపలి చెక్కకు ఆ పీచు పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. ఇంట్లో గిన్నెలు ఎంత పట్టుదలగా తోముతుందో అంత పట్టుదలగా రుద్దింది.

"కనీసం చేతులకి తొడుగులన్నా వేసుకోండి అత్తయ్యా" అంది కోడలు బిత్తరపోయి, తన సంచీలోంచి తీసి ఇస్తూ.

"ఇప్పుడా చెప్పేది?" అంటూనే వేసుకుంది.

మామగారికి నవ్వు ఆగలేదు. మోకాళ్ళు పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళొత్తుకున్నాడు. "అమ్మాయ్, తప్పు మాట అన్నాను" అన్నాడు. "మనసులో పెట్టుకోకు."

"మామయ్యా, ఒక సంగతి" అంది కోడలు. ఆమె కళ్ళు అప్పటికే బోనుల మీద ఉన్నాయి. "ఇన్నాళ్ళూ ఇవి ఇక్కడే ఉన్నాయి కాబట్టి వాటికి ఇవి కొత్త వస్తువులు కావిప్పుడు. చుట్టూ తిరిగి చూసుకున్నాయి. అడ్డమల్లా ఆ వాసనొక్కటే. అది పోతే, ఇవాళే తలుపులు విప్పేసి పెట్టొచ్చు కదా?"

"పెట్టు" అన్నాడాయన. "నన్నడగకు. పని నీది."

ముగ్గురూ కూర్చుని బోనులన్నిటికీ గూటి పీచు రుద్దారు. కోడలు తాజా కీరదోస కోసి పెట్టింది, తలుపులకు కట్టిన తాళ్ళు విప్పింది, చారలున్న గోడల వెంట ఒక్కొక్కటే ఆనించింది.

సోమవారం పొద్దున్న గోదాము యజమాని తాళం తీసేసరికి ముగ్గురూ గుమ్మంలో ఉన్నారు. కొడుకు కూడా వచ్చాడు, ఆఫీసుకు సెలవు పెట్టి మరీ. కోడలు ముందు నడిచింది. మొదటి బోను తలుపు పడి ఉంది. లోపల గరగరమని చప్పుడు. రెండోదీ పడి ఉంది. ఆ పక్కదీ అంతే. చివరి సందులో ఉన్న పెద్ద బోనులో పందికొక్కు ఒకటి బోనునే ఎగరేస్తోంది.

"అన్నీ పడ్డాయి" అంది కోడలు. ఆ మాట చాలా నెమ్మదిగా అంది, తనకే వినబడాలన్నట్టు. సబ్బమ్మ మాత్రం చుట్టూ చూసి గట్టిగా అంది. "ఏమండోయ్, విన్నారా? అన్నీ పడ్డాయట."

యజమాని బోనుల వెంట నడిచి చూసొచ్చాడు. "ఇక్కడితో అయిపోయినట్టేనా అమ్మా?"

"లేదండీ" అంది కోడలు. "ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. వారం రోజులు మళ్ళీ మళ్ళీ పెడతాను. వెనక గోడలో కన్నాలు మీరు సిమెంటుతో మూయించాలి, లేకపోతే కొత్తవి వస్తాయి."

ఆయన తల ఊపాడు. "అన్ని గోదాములూ మీరే చూసుకోండి." మామగారి వైపు తిరిగాడు. "పెద్దాయనా, మీ చెయ్యి మాత్రం తగ్గలేదండీ."

"నా చెయ్యి కాదండీ" అని ఆయన అనేలోపే సబ్బమ్మ ముందుకొచ్చింది. "పట్టింది మా కోడలండీ. ఎరా తనదే, ఆలోచనా తనదే. మీకు ఎప్పుడు ఏ అవసరం వచ్చినా ఆ అమ్మాయినే అడగండి." వీధిలో లారీ దింపుతున్న కూలీలకు కూడా వినబడేలా చెప్పింది.

బోనులు బండికెక్కించాక కోడలు అత్తగారి పక్కన వచ్చి నిలబడింది. "అత్తయ్యా, పని కాకపోతే ఏం చేయాలో మనం మాట అనుకున్నాం. అయితే ఏం చేయాలో మాత్రం అనుకోలేదు."

"నేను చెప్పనా?" అంది సబ్బమ్మ.

"చెప్పండి."

"రేపు రెండో గోదాముకి బయల్దేరేటప్పుడు నన్ను కూడా పిలు."

కోడలు అక్కడే, అందరి ముందూ, అత్తగారి భుజం మీద ముఖం పెట్టుకుని ఏడ్చేసింది. సబ్బమ్మ ఆమె వీపు నిమురుతూ కొడుకుని కేకేసింది. "అలా చూస్తావేంరా, ఆ పెద్ద బోను ఇటు జరుపు. మా ఇద్దరికీ చోటు కావాలి."