ఓట్లు చీల్చిన మనిషి కూతురు

వాన దంచికొడుతోంది. కిరాణా కొట్టు చూరు కింద నిలబడ్డ అమ్మాయి, లోపలికి దూరబోతున్న కోరీకి అడ్డంగా ఒక కరపత్రం చాపింది.

"ఒక్క నిమిషం ఆగుతారా?"

"ఏం అమ్ముతున్నారు?"

"అమ్మడానికి రాలేదు. మన రాష్ట్రంలో ఓటేసే పద్ధతి మార్చమంటున్నాం. మొదట ఎవరు, తర్వాత ఎవరు అని వరసగా గుర్తుపెట్టొచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే, అందరికన్నా వెనకబడ్డవాణ్ణి తప్పించి, అతనికి పడ్డ ఓట్లు ఆ ఓటర్ల రెండో ఇష్టానికి కలుపుతారు."

"నా మొదటి ఇష్టం పొడి బట్టలు. రెండోది మీ గొడుగు."

"మూడోది నోరు మూసుకోవడమైతే బావుండు," అంది గానీ, నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆమె పేరు నోయెల్. పోర్ట్‌లాండ్‌లో చదువు ముగించి ఈ మధ్యే అమెరికాలో మేన్ రాష్ట్ర తీరంలోని ఆ రేవు ఊరికి తిరిగొచ్చింది. కోరీ వంతెన అవతలి ఊరివాడు, లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే పడవ మీద పని. ఆ వారం నుంచే పడవ దిగగానే తన ట్రక్కులో ఆమెను ఇల్లిల్లూ తిప్పడం మొదలుపెట్టాడు. కరపత్రాలు పంచేది ఆమె, కుక్కల్ని బుజ్జగించేది అతను. ఇద్దరూ "మీరు" నుంచి "నువ్వు"లోకి ఎప్పుడు దిగారో ఇద్దరికీ తెలియదు.

ఒక సాయంత్రం ట్రక్కులో అడిగాడు: "ఇంత పట్టుదల ఎందుకు నీకు?"

నోయెల్ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "రెండేళ్ళ కిందట మా నాన్న రాష్ట్ర సభకు నిలబడ్డాడు. ముగ్గురు పోటీ. సగానికి పైగా జనం వద్దన్న మనిషే గెలిచాడు. ఓట్లు చీల్చాడని తప్పంతా నాన్నదే అన్నారు. చర్చి విందులో ఎవడో కుర్రాడు లేచి, 'ఓట్లు చీల్చిన పెద్దమనిషి వచ్చాడు, దారివ్వండి' అని అరిచాడట. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి నాన్న ఆ చర్చి మెట్లెక్కలేదు."

"మీ నాన్న పేరు?"

"రేనాల్డ్ మిషో."

 అరిచింది కోరీయే. నవ్వులు విని ఆ రోజు ఎంత పొంగిపోయాడో కూడా గుర్తుంది. ఆ క్షణమే చెప్పేయాల్సింది.  కానీ ఆమెను ఇంటి ముందు దింపి, "రేపు కలుద్దాం" అన్నాడు. ఆ అబద్ధపు మామూలుతనం అరిచిన మాటకన్నా ఎక్కువ కాల్చింది.

మర్నాడు ట్రక్కులో చెప్పాడు. 

"ట్రక్కు ఆపండి," అంది నోయెల్.

మళ్ళీ "మీరు" అయిపోయాడు. వానలోనే దిగి నడిచి వెళ్ళిపోయింది.

వారం ఆగి, కోరీ మిషో ఇంటి తలుపు తట్టాడు. పెద్దాయనే తీశాడు.

"మిషో గారూ, నేను..."

"తెలుసులే. మా అమ్మాయిని మొదటిరోజు దింపినప్పుడే పోల్చుకున్నాను. ఎప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"మరి నోయెల్‌కు చెప్పలేదేం?"

"అది నీ పని కదయ్యా."

కోరీకి భూమి చీలితే బావుండుననిపించింది. "ఏం చేయమంటారు?"

"నాకు చెప్పుకోడానికి వచ్చావు, బానే ఉంది. అన్నది మాత్రం నలుగురిలో కదా," అని పెద్దాయన తలుపు మెల్లగా వేశాడు.

ఆ శనివారం చర్చి విందులో కోరీ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మిషో గారిని ఎగతాళి చేసింది నేనే. ఇంకోటి కూడా ఉంది. ఆ ఎన్నికల రోజు ముసురుపట్టిందని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నేను అసలు ఓటే వేయలేదు. ఎన్నికల్లో నిలబడ్డ మనిషిని మాత్రం తిట్టాను. నిలబడడం ఆయన హక్కు. సిగ్గుగా ఉంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో చెంచా పడేసిన చప్పుడు. తల దించుకుని గుమ్మం దాటాడు.

బయట మెట్ల కింద మిషో, ఆయన పక్కన నోయెల్. విన్నారని వాళ్ళ ముఖాలే చెప్పాయి. పెద్దాయన అతని భుజం తట్టి, టోపీ సవరించుకుని, రెండేళ్ళ తర్వాత ఆ మెట్లెక్కి లోపలికి నడిచాడు.

నోయెల్ కదల్లేదు.

"ఓటే వేయలేదా?"

"లేదు."

"అది ఇంకా పెద్ద తప్పు. కోపం పోలేదు నాకు."

"పోకపోయినా పర్వాలేదు. నిజమే చెప్పాను ఈసారి."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"రేపు వంతెన అవతల మీ ఊళ్ళోనే తిరగాలి," అంది. "ట్రక్కు నువ్వే తేవాలి మరి."