రాయి మీద సాక

సుచిత్ర చౌరస్తా దాటాక ఆగిన తెల్లకారులోకి బాలేష్ ఎక్కగానే, వెనక సీట్లోంచి ప్రశ్న వచ్చింది.

"బోనం ఎత్తిండ్రా?"

"ఇంకా పసుపు రాయలె."

కోడ్ సరిపోయింది. గూఢచారి విభాగం చీఫ్ జనార్ధన్ గొంతు తగ్గించాడు.

"శామీర్‌పేట ల్యాబ్‌ల దొంగతనమైంది. హైడ్రోజెల్. సల్లగున్నంతసేపు పాల లెక్క పల్చగుంటది. సూదితోని ఒంట్లకు ఎక్కిస్తే, ఆ వేడికి దానంతటదే గడ్డకడ్తది. లోపల ఎంజైమ్ దాసుకొని నెలంతా జర్ర జర్ర ఇడుస్తది."

"ఎవరికది?"

"పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లేని పోరగాండ్లకు. సోమవారం ట్రయల్. మొదటి సూది మీ అక్క బిడ్డ అశ్రితకే."

వారం వారం సెలైన్ కోసం నరం దొరక్క, ఆ పిల్ల చేతుల నిండా సూదిమచ్చలే.

"మల్ల తయారుజేయరాదా?"

"ఏడాది పడ్తది. అంత టైమ్ ఆ పిల్లకు లేదు." జనార్ధన్ ఒక వాచ్ అందించాడు. "కొనేటోడు విక్టర్. బయటి దేశం గ్యాంగ్. ఇయ్యాల మధ్యాహ్నం తూంకుంటల సిద్దిరాములు పటేల్ తోటల దావత్. ఆన్నుంచి సీదా ఎయిర్‌పోర్ట్. సరుకు ఇచ్చేది పద్మలత."

"మన పద్మలతనా?"

"మనదే ఉండె. అమ్ముడువోయింది."

పద్మలత డబుల్ ఏజెంట్. గ్యాంగ్‌లో మెలుగుతూ డిపార్ట్‌మెంట్‌కు కబుర్లు మోస్తుంది. బాలేష్ ఆమెను పెళ్లాడాలనుకుంటున్నాడని ఒక్క జనార్ధన్‌కే తెలుసు.

"సల్లటి సీసా దగ్గరికొస్తే గీ వాచ్ వణుకుతది. నువ్వు కల్లు పోసేటోని వేషం. పో."

బాలేష్ వాచ్ కట్టుకుని దిగాడు. ఈ కొలువు ఇప్పించింది జనార్ధనే. అలియాబాద్‌లోని ఇంటికి వస్తే బాలేష్ తల్లి సుక్కమ్మ చేతి జొన్నరొట్టె తినేవాడు. కల్లు సీసా పట్టుకుంటే ముందు నేలతల్లికి నాలుగు చుక్కలు సాక పోసేవాడు. అది తప్పడం బాలేష్ ఎన్నడూ చూడలేదు.

మామిడితోటలో ఎండ మండిపోతోంది. బాలేష్ తలకు రుమాలు చుట్టి, ఐస్ నింపిన పెట్టెలోంచి కల్లు సీసాలు తీసి పోస్తున్నాడు. జనార్ధన్ మెడలో బంగారు గొలుసుతో ప్లాట్ల బ్రోకర్ అవతారమెత్తాడు. ఆకుపచ్చ పట్టుచీర, నల్లకళ్లద్దాలతో పద్మలత విక్టర్ పక్కన నవ్వుతోంది. ఆమె గ్లాసు కోసం వచ్చిన క్షణం వాచ్ వణికింది.

బాలేష్ ఆమెను చెట్టుచాటుకు తీసుకెళ్లి హ్యాండ్‌బ్యాగ్ తెరిచాడు. చల్లటి ల్యాబ్ సీసా. ఖాళీది.

"ఏంది గిది?"

"నాకెట్ల తెలుసు? ఎవడో పెట్టిండు. నా మొఖం జూసి చెప్పు, నేనే అనుకుంటున్నవా?"

అతను ఆమె ముఖం చూడలేదు. బేడీలు వేశాడు.

వెనక్కి వచ్చేసరికి జనార్ధన్ అదే ఐస్ పెట్టెలోంచి ఓ సీసా తీసి విక్టర్ చేతికిస్తున్నాడు. "మా ఊరి కల్లు సార్. సల్లగ ఉంచుకో."

దావత్ మొదలైనప్పటి నుంచీ బాలేష్ ఐస్ పెట్టె పక్కనే ఉన్నాడు. అన్ని చల్లటి సీసాలున్నా వాచ్ ఒక్కసారి కూడా వణకలేదు. పద్మలత దగ్గర మాత్రం వణికింది. దాన్ని వణికించింది చల్లదనం కాదు, వాచ్ ఇచ్చిన చెయ్యే.

"అన్నా!" గట్టిగా అరిచాడు. "సాక పోయకుంటనే ఇస్తున్నవేంది?"

జనార్ధన్ నవ్వు సగంలో ఆగింది. "తొవ్వల పోసుకుంటడు లే."

సిద్దిరాములు పటేల్ మీసం లేచింది. "ఏందయ్యా బ్రోకరూ, నా తోటల కల్లు సాక లేకుంట పోతదా? పొయ్యి!"

అందరి కళ్లూ జనార్ధన్ మీదే. మూత తీసి, కాలిపోతున్న బండరాయి మీద నాలుగు చుక్కలు వంచాడు.

కల్లయితే నురగతో పారాలి. ఈ చుక్కలు ఒక్కసారి వణికి, తాటిముంజల్లా నిలబడిపోయాయి.

పటేల్ బాలేష్ మీద విరుచుకుపడ్డాడు. "ఏంరా, కల్లుల ఏం గలిపినవ్?"

జనార్ధన్ సీసా ఎత్తాడు, రాయికేసి కొట్టడానికి. బాలేష్ దూకాడు. రాయికి జానెడు ఎత్తున సీసా అతని అరచేతుల్లో పడింది. వెంటనే ఐస్‌లో గుచ్చాడు. అటు విక్టర్ కారెక్కేసరికి, చెట్టుచాటు నుంచి ఉరికొచ్చిన పద్మలత బేడీల చేతులతోనే తాళంచెవి లాగేసింది.

"నన్నే ఎందుకన్నా?" అన్నాడు బాలేష్.

"పెట్టె నీది, వేషం నీది. దొరికితే పేరు కూడ నీదే ఉంటుండె." జనార్ధన్ తల తిప్పుకున్నాడు. "అశ్రిత పేరు చెప్తే కండ్లు మూసుకొని ఉరుకుతవని ఎరికే."

బాలేష్‌కు ఆ జొన్నరొట్టెలు గుర్తొచ్చాయి. పద్మలత చేతుల బేడీలు విప్పి జనార్ధన్‌కు వేశాడు.

సోమవారం అశ్రిత చెయ్యి చూసుకుంటూ అడిగింది. "ఒక్కటే సూదా మామా? నెలంతా ఇగ లేదా?"

"లేదు బిడ్డా."

ఆ సాయంత్రం బాలేష్ కల్లు సీసాతో పద్మలత ఇంటికి వెళ్లాడు. గ్లాసు అందించాడు. ఆమె గడప ముందున్న వేడి రాయి మీద నాలుగు చుక్కలు వంచి, చూస్తూ కూర్చుంది.

"నా మీద ఇంకా నమ్మకం లేదా?"

"జర ఆగు," అంది పద్మలత, రాయి మీంచి కళ్లు తిప్పకుండా. "నేను రాయినన్నా జూస్తున్న. ఆనాడు నువ్వు నా మొఖం గూడ జూడలె."