గొడుగు పేరు మిగిలిన రెయిన్‌కోటు

నారీ తుఫానుకు తైపే మెట్రో సొరంగాలు నీళ్లతో నిండిపోయిన ఏడాది అది. ఏజెంట్ చియెన్ బోహాన్ గదిలోకి రాగానే చీఫ్ పాన్ నేరుగా విషయానికొచ్చాడు.

"ఇంజనీర్ వెయ్ సుహుయ్‌ని విదేశీ ముఠా ఎత్తుకుపోయింది. రేవులో వాళ్ల మనుషులెవరో ఆవిడొక్కర్తికే తెలుసు. కీలుంగ్ చేపల మార్కెట్ మేడ మీద దాచారు. మధ్యాహ్నం ముఠా మనిషొకడు వెళ్లి ఆవిణ్ణి ఓడెక్కించాలి. ఆ మనిషివి నువ్వే."

"అసలువాడు?"

"మన సెల్‌లో ఉన్నాడు. నోరు నూడుల్స్‌కే తెరుస్తున్నాడు. ఈరోజు కోడ్ వర్డ్ తప్పితే కాపలావాడు ఆవిణ్ణి కాల్చేస్తాడు."

బోహాన్ తలూపాడు. తన పార్ట్‌నర్ చనిపోయినప్పటి నుంచి అతనికి భయం వెయ్యడం లేదు. ఆకలీ అంతే.

కోడ్ వర్డ్ ముఠా వెబ్‌సైట్‌లో వస్తుంది. చూడ్డానికి అదొక గొడుగుల దుకాణం. తారీఖుని బట్టి రోజుకో మాట చూపిస్తుంది. కాపలావాడు పొద్దున ఒకసారి చూసుకోగానే పేజీ మూసుకుపోతుంది. ఆ ప్రోగ్రాం రాసింది లో ఫెయ్‌యిన్. ఎర్రటి పెదవులు, పట్టు గౌను, ఇటు చీఫ్ దగ్గరా అటు ముఠా దగ్గరా జీతం.

"ఈరోజు మాట 'తెల్ల కొంగ'. కోడ్ ప్రింట్ తీసిచ్చాగా, నమ్మకపోతే చదువుకో బాబూ," అందామె.

గ్యాస్ సిలిండర్ల వాడి వేషంలో మేడ మెట్ల మీద ఆగి బోహాన్ ఆ కాగితం చదివాడు. కాలరు మైకులో మెల్లగా అడిగాడు.

"క్లాసు పేరు రెయిన్‌కోట్ అనుంది. ఎప్పుడు మార్చావ్?"

"నిన్న రాత్రి. గొడుగులొద్దు, రెయిన్‌కోట్లు పెట్టమన్నారు."

"లోపలి ఫంక్షన్ పేరింకా గొడుగే."

క్లాసంటే ఒక పేరు కింద కట్టిన కోడ్ మూట. క్లాసు మొదట్లో ఎప్పుడూ మారని మాటే పెట్టాలి, తారీఖు లెక్కలు అక్కడ కుదరవు. లెక్కకట్టి దాన్ని మార్చేది కన్‌స్ట్రక్టర్, అంటే క్లాసుని వాడగానే దానంతటదే నడిచే ఫంక్షన్. అప్పటి పీహెచ్‌పీ ప్రోగ్రాం భాషలో దానికి క్లాసు పేరే ఉండాలి. లేకపోతే ఎవరూ పిలవని మామూలు ఫంక్షన్‌లా పడుంటుంది.

"ఎర్రరేం రాలేదే!" అంది ఫెయ్‌యిన్.

"రాదు. క్లాసు మొదట్లో నువ్వు పెట్టిన మాటే మిగుల్తుంది."

"అది ఏదో ఒకటుండాలని పెట్టాను! బోహాన్, నీ మాట తప్పయితే ఆవిడ చస్తుంది!"

బోహాన్ తలుపు తట్టి లోపలికి నెట్టాడు. కాపలావాడి తుపాకీ సుహుయ్ కణతకి ఆనివుంది. ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తోంది.

"మాట?"

"కుళ్లు తోఫు."

తుపాకీ కిందికి దిగింది. "ఏ దరిద్రుడు పెట్టాడయ్యా ఈ మాట? పొద్దుట్నుంచీ కంపు కొడుతున్నట్టే ఉంది..."

బోహాన్ చేతిలోని సిలిండర్ కాపలావాడి నెత్తిన పడింది. సుహుయ్ వెక్కివెక్కి ఏడ్చింది. బోహాన్ ఆమె కట్లు విప్పాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఆగి చూశాడు. రాలేదు.

మర్నాడు పొద్దున వీధి చివర సోయా పాల దుకాణానికి వెళ్లాడు.

"తీపా, ఉప్పా?" అడిగింది దుకాణపు పెద్దావిడ.

"మీ ఇష్టం."

అతను సగం గిన్నె తాగాక ఆవిడ కంగారుగా పరిగెత్తుకొచ్చింది. "అయ్యో నాయనా, నీకు పోసింది పాలు కాదు, గంజి నీళ్లు!"

"బాగుందమ్మా," అన్నాడు బోహాన్.